చర్చ: లింగంపల్లి బండి లేటైతే సికింద్రాబాద్‌లో మేడ్చల్ ఎంఎంటీఎస్‌ను ఆపి ఉంచాలా? (ఎంఎంటీఎస్ అంటే హైదరాబాద్ లోకల్ రైలు. ప్రతి మాట పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

అల్వాల్ గేటు

హైటెక్ సిటీ, హఫీజ్‌పేట వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో దిగి మేడ్చల్ బండి ఎక్కేవాళ్లది పాత గొడవే. ఇటు బండి ఆరు నిమిషాలు లేటు, అటు బండి రైట్ టైము. బ్రిడ్జి మెట్లు దిగేసరికి వెనక బోగీ ఎర్రదీపం లాలాగూడ వైపు పోతూ కనిపిస్తుంది. నేరుగా వెళ్లే బండి దొరకనివాళ్లకు వేరే దారి లేదు. లింగంపల్లి లైనులో ఒక బండి పోతే ఇంకోటి వస్తుంది. మేడ్చల్ లైనులో 2023 ఏప్రిల్ 8న ఎంఎంటీఎస్‌కు జెండా ఊపారు గాని బండ్లు మాత్రం పలచగానే ఉన్నాయి. రాత్రి పూట తప్పిపోతే ఇక బస్సో ఆటోనే.

నా మాట: అందుకోవాల్సిన బండిని ఐదు నిమిషాల దాకా ఆపాలి. దీన్ని రూలుగా రాసి పెట్టాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి. "రైల్వే అంటే అంతే" అనేది కారణం కాదు.

లూప్‌లైన్

కారణాలే చెప్తాను.

మేడ్చల్ బండి సికింద్రాబాద్ వదిలితే మల్కాజిగిరిలో కాచిగూడ వైపు నుంచి వచ్చే లైను కలుస్తుంది. కాచిగూడ నుంచి నిజామాబాద్ వైపు పోయే బండ్లు సికింద్రాబాద్ రాకుండా సీతాఫల్‌మండి మీదుగా నేరుగా అక్కడికే వస్తాయి. ఇక్కడ ఐదు నిమిషాలు ఆపారంటే మల్కాజిగిరిలో ముందు వెళ్లే హక్కు ఆ ఎక్స్‌ప్రెస్‌కు దక్కుతుంది. దాని వెనక మీ బండి, సిగ్నల్ సిగ్నల్‌కూ ఎర్రదీపం. ఐదు కాస్తా బొల్లారం చేరేసరికి పన్నెండు అవుతుంది.

ఇక మేడ్చల్. రెండో లైను బొల్లారం నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రెండో దశలో వేశారు. అక్కణ్నుంచి మహారాష్ట్రలోని ముద్ఖేడ్ దాకా డబ్లింగ్‌కు (రెండో లైను వేయడానికి) 2023 ఆగస్టులోనే కేంద్రం ఒప్పుకుంది. ఆ పని అయ్యేదాకా, ఒంటి లైను మీద ఎక్కడో క్రాసింగ్ దగ్గర నిలిచి ఎప్పుడో దిగే బండి అటునుంచి వస్తుంటే, ఇటు బండి తన టైము తను నిలబెట్టుకోవడమే మేలు.

మూడోది రేకు, అంటే బండిగా కలిసి నడిచే బోగీల వరస. మేడ్చల్‌లో బండి తిరగాలంటే ఇంజన్ మార్చక్కర్లేదు, నిజమే. కాని మోటార్‌మన్ (బండి నడిపేవాడు) క్యాబ్ మూసి, పన్నెండు బోగీల పొడవునా నడిచి అటు క్యాబ్ తెరవాలి. పన్నెండు బోగీలంటే పావు కిలోమీటరు. గార్డు ఇటు రావాలి (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలి, నోరు తిరగదు). బ్రేకు పరీక్ష అవ్వాలి. గార్డు రెండు గంటలు కొట్టాకే బండి కదులుతుంది. టైంటేబుల్లో దీనికి ఇచ్చేది తక్కువ, మీ ఐదు నిమిషాలు దాన్నే మింగేస్తాయి. తిరుగు బండి లేటు, దాని కోసం సఫిల్‌గూడలో నిలబడ్డవాళ్లూ లేటు.

చిలకలగూడ చిన్నోడు

లూప్‌లైన్ అన్నా, ఒకటి మర్చిపోయినవ్. మేడ్చల్ బండి ప్లాట్‌ఫాం మీద కూసుంటె లింగంపల్లి బండికి ప్లాట్‌ఫాం యాడికెళ్లొస్తది? సికింద్రాబాద్ల ఉన్నయే పది. స్టేషన్ కొత్తగ కడ్తున్నరు కాబట్టి అన్నీ ఒక్కసారి దొరుకుతలేవు. శానా బండ్లను చర్లపల్లికి, మల్కాజిగిరికి మళ్లిచ్చింది అందుకే. అంటె ఎట్లయితదో చూడుండ్రి: మనం ఎవరి కోసం బండి ఆపినమో ఆళ్ల బండే అవుటర్‌ల (స్టేషన్ బయటి సిగ్నల్ కాడ) నిలవడి ఉంటది, ఈ బండి కదిల్తె లోపలికొద్దామని. ఇది దాన్ని జూస్తది, అది దీన్ని జూస్తది.

అల్వాల్ గేటు

రెండింటికీ అదే ప్లాట్‌ఫాం ఇస్తేనే కదా ఆ చిక్కు. ప్రతిరోజూ అలా జరగదు.

లెక్కల మాస్టారు

వాదన అంతా నిమిషాల చుట్టూ తిరుగుతోంది, మనుషుల్ని లెక్కపెట్టండి. కింది అంకెలు ఉదాహరణకు వేసినవే. మీకు నచ్చినవి పెట్టి గుణించుకోండి, పద్ధతి మారదు.

రాత్రి బండి. 30 మందికి కనెక్షన్ తప్పింది, తర్వాతి బండి 75 నిమిషాలకు. నష్టం 30 × 75 = 2,250 మనిషి నిమిషాలు. బండిని 4 నిమిషాలు ఆపితే? లోపల 300 మంది ఉంటే 1,200. తిరుగు బండిలో 100 మంది ఉంటే ఇంకో 400. మొత్తం 1,600. ఆపడమే లాభం.

ఉదయం దీనికి తలకిందులు. మేడ్చల్ నుంచి దిగినవాళ్లు లింగంపల్లి బండి అందుకోవాలి. అది ఫలక్‌నుమా నుంచి నిండుగా వచ్చే బండి, లోపల 1,500 మంది అనుకోండి. 4 నిమిషాలకు 6,000. తప్పినవాళ్లు 40 మంది, తర్వాతి బండి 25 నిమిషాలకు, అంటే 1,000. ఆపారంటే మిగతావాళ్లు తిట్టిపోస్తారు, ఆ తిట్టడం న్యాయం.

కాబట్టి "ఆపాలా వద్దా" అన్న ప్రశ్నే తప్పు. పలచటి లైను వైపు పోయే బండిని ఆపాలి, చిక్కటి లైను వైపు పోయేదాన్ని ఆపకూడదు. ముంబైలో ఈ చర్చే పుట్టదు, నాలుగు నిమిషాలకు ఇంకో బండి వస్తుంది. స్విట్జర్లాండ్‌లో 2004 నుంచి ప్రధాన స్టేషన్లకు బండ్లన్నీ గంటకూ అరగంటకూ ఒకేసారి చేరి ఒకేసారి విడిపోయేలా టైంటేబుల్ పెట్టుకున్నారు. అక్కడ కనెక్షన్ పుట్టేది టైంటేబుల్లోనే. మన దగ్గర కనెక్షన్ అనేది కాగితం మీద లేదు, ప్రయాణికుల మనసులో ఉంది. రాయని దాన్ని కాపాడమంటే ఏ కంట్రోలర్ (బండ్ల రాకపోకలు చూసే అధికారి) కాపాడతాడు?

లూప్‌లైన్

మాస్టారి లెక్కకు ఒప్పుకుంటాను, సగం. ఆ 30 మంది వస్తున్నారని ఎవరికి తెలుసు? లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా సికింద్రాబాద్ డివిజన్. మేడ్చల్ లైను హైదరాబాద్ డివిజన్. కంట్రోలు వేరు, చార్టు వేరు. బండి రైట్ టైముకు వదిలితే ఆ డివిజన్ పంక్చువాలిటీ లెక్క బాగుంటుంది. పక్క డివిజన్ బండి కోసం తన లెక్క చెడగొట్టుకుంటే శాబాషీ ఎవరూ ఇవ్వరు. జరుగుతున్నది మనిషి చెడ్డతనం వల్ల కాదు, లెక్క రాసే తీరు వల్ల.

చర్లపల్లి ఎక్స్‌టెన్షన్

ఇంత గొడవెందుకు, బేగంపేటలోనో భరత్‌నగర్‌లోనో దిగి మెట్రో పట్టుకోండి.

అల్వాల్ గేటు

పట్టుకుని? మెట్రో సికింద్రాబాద్ ఈస్ట్ దాకా తెస్తుంది, లేదా జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) దాకా. అల్వాల్, బొల్లారం వైపు మెట్రో ఇంకా కాగితం మీదే ఉంది. 229 బస్సు మేడ్చల్ పోతుంది, కాని సుచిత్ర, కొంపల్లి మీదుగా. కావల్రీ బారక్స్‌లోనో అమ్ముగూడలోనో దిగేవాడికి అది పక్క ఊరి బస్సుతో సమానం.

డేటాలాగర్

ఆపడం తర్వాత, ముందు కబురు సంగతి చూడండి. ఎన్‌టీఈఎస్ (బండి ఎక్కడుందో చెప్పే రైల్వే యాప్) చూసి "ఇంకా టైముంది" అనుకుని మోసపోయేవాళ్లే ఎక్కువ, దానికి కారణం ఉంది.

దూరపు బండ్లకు ఇంజన్‌లో ఆర్‌టీఐఎస్ పరికరం ఉంటే ఉపగ్రహం ద్వారా 30 సెకన్లకోసారి ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి విడతలో 2,700 ఎలక్ట్రిక్ ఇంజన్లకు పెట్టారు. ఎంఎంటీఎస్‌కు విడి ఇంజన్ ఉండదు, మోటారు బోగీలోనే ఉంటుంది. ఆ పరికరం లేని రేకు సంగతి స్టేషన్ నుంచి కంట్రోలుకు వెళ్లే కబురు మీదే నడుస్తుంది. జేమ్స్ స్ట్రీట్, నేచర్ క్యూర్ లాంటి చిన్న ఆగుళ్ల దగ్గర కనిపించే టైము చాలాసార్లు అంచనా. పెద్ద స్టేషన్ నుంచి కబురు రాగానే బండి రెండు స్టేషన్లు ఎగిరినట్టు కనిపిస్తుంది.

అందుకని చూడాల్సిన పద్ధతి వేరు:

బండి నంబరు కొట్టి "ఎక్కడుంది" అని చూడటం కన్నా అదే యాప్‌లో "లైవ్ స్టేషన్"లో బేగంపేట పెట్టి వచ్చే 2 గంటలు చూడండి. మీ బండి ముందు ఏ ఎక్స్‌ప్రెస్ ఉందో కూడా అందులోనే తెలుస్తుంది. లింగంపల్లి మీదుగా వాడి ఊరికి పోయే ఈ లైను మీద ఎంఎంటీఎస్‌కు విడి పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్ లేటుగా దూరిందంటే మనది ఏదో సిగ్నల్ దగ్గర నిలబడుతుంది.

మేడ్చల్ బండి టైముకు బయల్దేరుతుందా అన్నది దాని నంబరు మీద చూసి లాభం లేదు, ఇంకా మొదలే కాలేదు కదా. ఆ రేకు మేడ్చల్ నుంచి వచ్చే బండిది అయితే ఆ వచ్చే బండి మల్కాజిగిరి దాటిందో లేదో చూడాలి. దాటకపోతే ఇటు బోర్డు మీద "రైట్ టైము" అని ఎంత వెలిగినా కదలదు.

రద్దయిన బండ్లు విడి పేజీలో ఉంటాయి. ఆదివారం ఇల్లు దాటేముందు అది తప్పకుండా చూడాలి. పట్టాల పని కోసం ఎంఎంటీఎస్‌లు తీసేసేది ఎక్కువగా ఆ రోజే. ఇంకొకటి: ఫోన్‌లో పేపర్‌లెస్ టికెట్ తీస్తే రద్దు కుదరదు. బండి సంగతి తేలాకే తీయండి, ఐదు రూపాయలే అయినా.

చిలకలగూడ చిన్నోడు

ఇవన్నీ ఫోన్ పట్టుకున్నోళ్లకు. బండ్ల నిలవడ్డోళ్లకు ఏది? లింగంపల్లి బండ్ల ఉన్నోడికి బేగంపేటలనే చెప్పొచ్చు: "మేడ్చల్ బండి ఇన్నో నంబరు ప్లాట్‌ఫాం, ఆగి ఉంటది" అని. లేకపోతే "ఆగదు, ఉరకకుండ్రి" అని. ఆగదని చెప్పినా సాలు. ఉరుకుడంతా తెల్వక ఉరుకుడే. తలుపులు మూసుకునే బండ్లు కావు మనయి, కదిలినంక కూడ చెయ్యి వేస్తరు. 2017ల ముంబై ఎల్ఫిన్‌స్టన్ బ్రిడ్జి మీద తొక్కిసలాటల 23 మంది పోయిండ్రు. మెట్ల మీద తొందర చిన్న సంగతి కాదు.

లెక్కల మాస్టారు

మంచి మాట. దాన్నే రూలుగా మార్చవచ్చు. రెండు బండ్ల మధ్య టైంటేబుల్ తేడా 8 నిమిషాలు అనుకుందాం. ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి గుంపులో బ్రిడ్జి ఎక్కి దిగడానికి 5. మిగిలే ఊపిరి 3. లింగంపల్లి బండి 6 నిమిషాలు లేటైతే ఆపాల్సింది 6 కాదు, 3. పది లేటైతే 7 ఆపాలి. ఆ పని చేయకూడదు, వదిలేయాలి. గీత 4 దగ్గర గీద్దాం.

నిర్ణయం బండి సికింద్రాబాద్ వచ్చాక కాదు, బేగంపేట వదిలినప్పుడు. బేగంపేట వదిలిందంటే అవుటర్‌లో ఆపకపోతే ఎంతలో వస్తుందో తెలుసు. 4 లోపల సరిపోతుందా, మేడ్చల్ బండి ఆగుతుంది, రెండు చోట్లా అనౌన్స్ చేస్తారు. సరిపోదా, రైట్ టైముకు పోతుంది, అదీ అనౌన్స్ చేస్తారు. రాత్రి చివరి రెండు బండ్లకు మాత్రమే. ఉదయం అసలు వద్దు.

లూప్‌లైన్

చివరి రెండింటికి అయితే నా అభ్యంతరం సగం తగ్గింది. ఆ టైముకు తిరుగు బండి బెడద తక్కువ. చివరి బండికైతే రేకు రాత్రికి నిలబడేదే కాబట్టి బెడదే లేదు. మల్కాజిగిరి బెడద మాత్రం ఉంటుంది.

కాని నన్నడిగితే ఆపడం కన్నా చవకైన పని ఇంకొకటి ఉంది. రెండు బండ్లనూ ఒకే ప్లాట్‌ఫాం దిమ్మెకు అటొకటి ఇటొకటి తీసుకోవడం. అప్పుడు మాస్టారి 5 నిమిషాలు 1 అవుతుంది. మెట్లు లేవు, బ్రిడ్జి లేదు. లింగంపల్లి బండి 6 లేటైనా 8 తేడాలో ఇంకో నిమిషం మిగులుతుంది. ఎవర్నీ ఆపక్కర్లేదు, మల్కాజిగిరిలో ఎవరి వరసా పోదు.

అల్వాల్ గేటు

అది ఎక్స్‌ప్రెస్‌లకు కావాలంటారు. ఎంఎంటీఎస్‌ను అంచుకు నెడతారు.

లూప్‌లైన్

పగలు అంటారు, అందులో న్యాయం ఉంది. 24 బోగీల బండికి పొడుగు ప్లాట్‌ఫాం కావాలి, నీళ్లు పట్టాలి. రాత్రి ఆ రెండు బండ్ల టైములో ఏ దిమ్మెకు రెండు పక్కలా ఖాళీ ఉంటుందో లైవ్ స్టేషన్‌లో సికింద్రాబాద్ పెట్టి వారం రోజులు రాసుకుంటే తెలిసిపోతుంది. ప్లాట్‌ఫాం నంబరు, వచ్చిన టైము, కదిలిన టైము, ఈ మూడూ చాలు.

డేటాలాగర్

ప్లాట్‌ఫాం నంబరు అందులో ముందుగా వేసింది నమ్మొద్దు. బండి వచ్చాక ఏది చూపిస్తుందో అది రాయండి. తొమ్మిది బోగీలా పన్నెండా అన్నది కూడా పక్కన వేయండి. ఎక్కడ నిలుస్తుందో దాన్నిబట్టి మారుతుంది, దిమ్మె ఒకటే అయినా ఒక బండి ఈ చివర, ఇంకోటి ఆ చివర నిలిస్తే ఆ 1 నిమిషం 3 అవుతుంది.

అల్వాల్ గేటు

సరే. రాత్రి 8 తర్వాతి బండ్లు సోమవారం నుంచి నేను రాస్తాను. కాచిగూడ నుంచి వచ్చే బండి మల్కాజిగిరి దాటే టైము ఎవరైనా పెట్టండి, ఆ కాలమ్ ఖాళీగా ఉంది.

చిలకలగూడ చిన్నోడు

అది నేను వెడ్త. ఆదివారం లెక్కల కలపకుండ్రి, సగం బండ్లు ఉండయి.