సెకనుకు 24 బొమ్మలా, 12 చాలా? జాతర షాట్ మీద చర్చ

కపిలతీర్థం:
బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్ క్రిటాలో 10 సెకన్ల షాట్, 24 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 24 ఫ్రేములు). తిరుపతి గంగమ్మ జాతరలో దొర వేషం నడిచి వస్తుంది, కెమెరా దాంతోపాటే పక్కకు జరుగుతుంది. వీధి పక్కన ఒకాయన నిలబడి పుల్లతో పలక (డప్పు లాంటి వాయిద్యం) కొడుతుంటాడు. ఫ్రేముకొక బొమ్మ గీస్తే 240, రెండు ఫ్రేములకొకటి అయితే 120. నునుపుగా రావాలంటే ఇద్దరికీ 240 గీయాల్సిందేనని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

చిత్తూరు గీత:
కాదన్నా. నునుపు బొమ్మల లెక్కలో లేదు, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎడంలో ఉంది. పలక మీదికి దిగే పుల్ల కొననే చూడండి. ప్రతి బొమ్మకూ 30 పిక్సెళ్లే జరిగితే, 24 గీసినా యంత్రం కొట్టినట్టే ఉంటుంది. పైన 4, తర్వాత 8, 16, 32 అని ఎడం పెంచుకుంటూ పోతే 12తోనే చేతికి బరువు వస్తుంది. కొన పడే చోటల్లా వేరే లేయర్లో (బొమ్మ మీద పరిచే విడి పొరలో) చుక్క పెట్టండి. ఆ చుక్కలు విల్లులా వంగిన దారిలో ఉండాలి. ఒక్కటి తప్పినా కదలిక గతుక్కుమంటుంది, మధ్యలో ఇంకో బొమ్మ ఇరికించినా ఆ గతుకు పోదు.

స్వర్ణముఖి:
ఎడం మాట నిజమే, కానీ కెమెరాను మర్చిపోయారు. వీధి ఫ్రేముకు 6 పిక్సెళ్లు జరుగుతుందనుకోండి. రెండు ఫ్రేములకొకటి గీస్తే వేషం బొమ్మ రెండు ఫ్రేములు తెర మీద కదలకుండా నిలబడుతుంది. రెండో ఫ్రేములో నేల పాదం కింద నుంచి 6 పిక్సెళ్లు జారిపోతుంది, తర్వాతి బొమ్మలో పాదం దాన్ని అందుకుంటుంది. సెకనుకు 12 సార్లు ఇదే తంతు. ఎంత బాగా గీసినా కాలు జారినట్టే కనిపిస్తుంది.

చిత్తూరు గీత:
వేషం, వీధి లేయర్లను ఒకే గ్రూపులో పెట్టి, ట్రాన్స్‌ఫార్మ్ మాస్కుతో (గ్రూపు మొత్తాన్ని జరిపే సాధనంతో) కలిపి జరిపితే పాదం నేలకు అతుక్కుంటుంది కదా?

స్వర్ణముఖి:
పాదం అతుక్కుంటుంది, మొండెం వణుకుతుంది. ఒక ఫ్రేములో వీధితోపాటు 6 వెనక్కి, తర్వాతి బొమ్మతో 6 ముందుకు. చూపంతా మొహం మీదే ఉంటుంది కాబట్టి ఇది ఇంకా అధ్వానం. నడకకు ఫ్రేముకొక బొమ్మ తప్పదు. అయినా 240 దేనికి? అడుగుకు 12 ఫ్రేములు, రెండడుగులకు 24 బొమ్మల సైకిల్ (మళ్లీ మళ్లీ వాడే వరస), దాన్ని పదిసార్లు తిప్పండి. తల, చేతులు వేరే లేయర్లో పెట్టి రెండు మూడు చోట్ల మార్చకపోతే మాత్రం కీలుబొమ్మలా ఉంటుంది.
పలకాయన సంగతి వేరు. వీధిలోనే నిలబడ్డాడు కాబట్టి వీధి గ్రూపులో వేసేయండి, రెండు ఫ్రేములకొకటి చాలు. అక్కడ గీతగారిదే న్యాయం.

మామిడితోట:
12 ఎఫ్‌పీఎస్‌లో గీసి, మధ్య ఫ్రేములు ఏఐతో పుట్టిస్తే సరిపోదా?

చిత్తూరు గీత:
వద్దప్పా. చెయ్యి మొండేన్ని దాటే చోట గీతలు కరిగిపోతాయి. పుల్ల పైన కావాలని ఆపిన క్షణం కూడా నానిపోతుంది. ఇంకొకటి, క్రిటాలో 12 పెట్టి గీసి తర్వాత 24కు మారిస్తే ఫ్రేములు వాటి నంబర్లలోనే ఉంటాయి, కదలిక రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. మొదటే 24 పెట్టి 0, 2, 4 ఫ్రేముల్లో గీయండి. ఇప్పటికే గీసేసి ఉంటే అన్ని ఫ్రేములూ ఎంచుకుని హోల్డ్ ఫ్రేములు (ముందు బొమ్మనే ఇంకో ఫ్రేము నిలిపి ఉంచేవి) చొప్పించాలి.

కపిలతీర్థం:
నడక సైకిల్ ఒప్పుకుంటున్నా. పలకాయన విషయం ఇంకా ఒప్పుకోను. పుల్ల చివరి రెండు ఫ్రేముల్లో 200 పిక్సెళ్లు దూకుతుంది, అంత సన్నటి పుల్ల రెండు చోట్ల విడివిడిగా కనిపిస్తుంది.

చిత్తూరు గీత:
ఆ దూకుడుకు ఒక్క ఫ్రేములో సాగదీసిన బొమ్మ వేయండి, పుల్ల తిరిగిన దారంతా విసనకర్రలా పరిచి. వెంటనే దెబ్బ బొమ్మ, అది రెండు ఫ్రేములు. దెబ్బకొక బొమ్మ పెరుగుతుంది, అంతే.

స్వర్ణముఖి:
క్రిటాలోనే ఆడించిన ప్లేబ్యాక్ చూసి తీర్పు చెప్పకండి. మెషీన్ అందుకోలేకపోతే క్రిటా ఫ్రేములు వదిలేస్తుంది. రెండు రకాలూ 2 సెకన్ల చొప్పున వీడియోగా రెండర్ చేసి ఇక్కడ పెట్టండి, పుల్ల దగ్గర ఆపి చూద్దాం.