స్వాంప్ ఘోస్ట్‌ని చిత్తడిలోంచి పట్టుకెళ్లడం కరెక్టేనా?

గాలిపటం: స్వాంప్ ఘోస్ట్ (చిత్తడి దెయ్యం) అని పేరుపడ్డ పాత యుద్ధ విమానం కథ, పపువా న్యూ గినీ సంగతిది. 1942 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా టౌన్స్‌విల్ నుంచి జపాన్ చేతిలో ఉన్న రబౌల్ రేవు మీద బాంబులేయడానికి వెళ్లిన అమెరికా బాంబర్ విమానం, బీ-17 ఒకటి, వెనక్కొచ్చేటప్పుడు పెట్రోల్ అయిపోయి అగాయాంబో చిత్తడిలో పొట్ట మీద దిగింది. పైనుంచి పచ్చిక మైదానం అనుకున్నారంట, దిగాక చూస్తే గడ్డి కింద అంతా నీళ్లే. తొమ్మిదిమందీ బతికారు, మలేరియాతో పడుతూ లేస్తూ ఆరు వారాలకి పోర్ట్ మోర్స్‌బీ చేరారు. విమానం మాత్రం 64 ఏళ్లు అక్కడే. 2006లో అమెరికా వాళ్లొచ్చి రెక్కలూ ఇంజన్లూ విప్పి హెలికాప్టర్‌తో లేపుకెళ్లారు. మంచి పనే అంటా నేను, లేకపోతే తుప్పుపట్టి పోయేది.

పాత ఫిట్టర్: అల్యూమినియంకి తుప్పేంటి తమ్ముడూ 😄 నీళ్లకంటే మనుషులే ఎక్కువ పాడు చేశారు దాన్ని. 1972లో కంటబడ్డాక వచ్చినోడల్లా గుర్తుగా ఏదోటి పీక్కెళ్లాడు.

కృష్ణ ఒడ్డు: అమరావతి శిల్పాల్ని లండన్ పట్టుకెళ్లినోళ్లు కూడా ఇదే చెప్పారు, ఇక్కడుంటే పాడైపోతాయని. ఇప్పుడు మనం బ్రిటిష్ మ్యూజియం ఫొటోలు చూసి మురిసిపోవాల్సిందే.

గాలిపటం: అదీ ఇదీ ఒకటెలా అవుద్ది అన్నా, స్తూపం మనోళ్లు కట్టుకున్నది, ఈ విమానం సియాటిల్‌లో బోయింగ్ వాళ్లు చేసింది. ఆ ఊరోళ్లకి దీంతో ఏం సంబంధం?

కృష్ణ ఒడ్డు: వాళ్లు పిలవని యుద్ధం వాళ్ల నేల మీదికొచ్చింది, అదీ సంబంధం. పైగా అక్కడ యుద్ధ సామాను ప్రభుత్వ ఆస్తి, చూసుకోవాల్సింది నేషనల్ మ్యూజియం, ఆ మ్యూజియమే పర్మిషన్ ఇచ్చిందని పార్లమెంటు కమిటీ మండిపడింది. అందుకేగా 2010 దాకా అక్కడి లే అనే ఊరి రేవులోనే ఆపేశారు.

పాత ఫిట్టర్: లోపల ఎవరన్నా చనిపోయుంటే నేనూ ముట్టొద్దనేవాణ్ణి, అది సమాధి లెక్క. ఇందులో ఎవరూ పోలేదు. కానీ నా బాధ వేరు, చిత్తడిలో ఉన్నప్పుడు దాన్ని చూస్తే కథంతా కళ్లముందే ఉండేది, ఇప్పుడు హవాయిలో పెర్ల్ హార్బర్ మ్యూజియంలో పక్కన బోర్డు పెట్టి చెప్పాల్సొస్తోంది.

గాలిపటం: తుప్పు మాట వెనక్కి తీసుకుంటున్నా ఫిట్టరన్నా. మిగతాది తీసుకోను.

కృష్ణ ఒడ్డు: సరే, ఆ ఊరి పిల్లలు హవాయి వెళ్లడానికి టికెట్ నువ్వు కొనిపెట్టు మరి.