ముందు సీట్లో గురువెందుకు కూర్చున్నట్టు?

ప్రశ్న: అమెరికాలో, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో మా అబ్బాయి దగ్గరికొచ్చాను. పక్కనే బెన్‌బ్రూక్‌లో వెర్నన్ కాజిల్ స్మారకం చూపించాడు. పేరున్న డ్యాన్సరట, 1918 ఫిబ్రవరి 15న విమానం నడపడం నేర్పిస్తుండగా అది కూలి చనిపోయాడట. అందులోనే ఉన్న శిష్యుడు మాత్రం బతికాడు. అదెలాగండీ?

జవాబు: అది కర్టిస్ జెన్నీ అనే శిక్షణ విమానం. 90 హార్స్‌పవర్ ఇంజన్ ముందు సీటుకి ఎదురుగానే ఉంటుంది. ముక్కు నేలకి కొట్టుకుంటే ఆ ఇనుమంతా ముందున్నవాడి మీదికే. అందుకే కుర్రాణ్ణి వెనక కూర్చోబెట్టి, ముందు తను కూర్చున్నాడు.

ఇంకో జవాబు: గాల్లోకి లేచిన కాసేపటికే ఇంకో విమానం అడ్డొచ్చింది. తప్పించబోతే స్టాల్ అయింది, అంటే రెక్కలకి గాలి పట్టు తప్పింది. ఎత్తులో ఉంటే ముక్కు దించి వేగం తెచ్చుకోవచ్చు. అక్కడ ఎత్తేదీ? అన్నట్టు, ఆయన పెంపుడు కోతి జెఫ్రీ కూడా అందులోనే ఉంది. బతికింది.

అడిగినవారు: కోతి సంగతి చెప్తే మావాడు నమ్మట్లేదండీ!