లౌటర్‌బ్రున్నెన్‌లో బేస్ జంపింగ్: తమ్ముడు వెళ్తానంటున్నాడు, తెలిసినవాళ్లు చెప్పండి

సౌమ్య_మ్యూనిక్:
అందరికీ నమస్తే. మా తమ్ముడు కూడా జర్మనీలోనే ఉంటాడు. వాడు స్కైడైవింగ్ లైసెన్స్ తీసుకున్నప్పుడే ఇంట్లో పెద్ద గొడవైంది. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రున్నెన్ లోయకి వెళ్లి బేస్ జంపింగ్, అంటే కొండ అంచు, వంతెన లాంటి చోట్ల నుంచి పారాచూట్‌తో దూకడం, నేర్చుకుంటానంటున్నాడు. వద్దంటే వినే రకం కాదు, మాకు చెప్పకుండా వెళ్లిపోతాడు. అందుకే నాకు సలహాల కన్నా వివరాలు కావాలి. అక్కడ దూకడానికి చట్టం ఒప్పుకుంటుందా? నిజంగా ప్రమాదం ఎంత? ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

జ్యూరిక్_రమణ:
చట్టం ఒప్పుకుంటుంది సౌమ్య గారూ. ఆ లోయకి రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, కింద చదునైన పచ్చిక. స్టెఖెల్‌బెర్గ్‌లో కేబుల్ కారెక్కితే మ్యూరెన్, అక్కడినుంచి నడిచి వెళ్తే కొండ అంచు. అన్ని దేశాలవాళ్లూ అక్కడికే రావడానికి కారణం అదే. ఇండియా నుంచి ఎవరొచ్చినా మేం స్టౌబ్‌బాఖ్ జలపాతం చూపించడానికి ఆ ఊరికే తీసుకెళ్తాం. దాదాపు 300 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది.

మా అత్తమామలు వచ్చినప్పుడు మా కళ్లముందే ఒకతను గోడకి కొట్టుకుని పడిపోయాడు. హెలికాప్టర్ వచ్చేలోపు చుట్టూ ఉన్న టూరిస్టులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. మా మామగారు ఆ పూట అన్నం ముట్టలేదు. దూకేవాడికి హక్కుందంటారు, సరే. కింద పిల్లల చెయ్యి పట్టుకుని నడిచేవాళ్ల సంగతేమిటి?

ఫ్రీఫాల్_వైజాగ్:
ఈ చర్చలో బేస్ చేసినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఆ లోయలో హై నోస్, లా మూస్ అనే కొండ అంచుల నుంచి దూకాను, అమెరికాలో పెర్రీన్ బ్రిడ్జి మీదినుంచీ దూకాను.

సౌమ్య గారూ, మీ తమ్ముడికి లైసెన్స్ ఉందన్నారు గానీ ఎన్ని జంప్‌లు చేశాడో చెప్పలేదు. ముందు తేలాల్సింది అదే. కనీసం 200 స్కైడైవ్‌లు లేనివాణ్ని మంచి ఇన్‌స్ట్రక్టర్ ఎవరూ తీసుకోరు. స్కైడైవింగ్‌లో సుమారు 4,000 మీటర్ల ఎత్తులో విమానంలోంచి దూకుతాం. మెయిన్ పారాచూట్ తెరుచుకోకపోతే రిజర్వ్ ఉంటుంది, స్పృహ తప్పినా దాన్ని తెరిచే పరికరం ఉంటుంది. బేస్‌లో ఉండేది ఒకే ఒక్క పారాచూట్. రెండోదాన్ని వాడేంత టైమే ఉండదు. ఒక సెకనుకి 5 మీటర్లు పడతాం, రెండు సెకన్లకి 20, మూడు సెకన్లకి 44. మొదటి ఒకటి రెండు సెకన్లు ఒంటికి గాలి పట్టు దొరకదు, అంచు మీద ఎలా వదిలితే అలాగే వెళ్తాం. ఆ తర్వాత క్యానపీ, అంటే పారాచూట్ గుడ్డ, తెరుచుకునేటప్పుడు ముఖం గోడవైపు తిరిగిందంటే తిప్పుకోవడానికి రెప్పపాటే ఉంటుంది. గోడకి కొట్టుకునేది ఎక్కువగా అక్కడే.

లోయలో పద్ధతులు ఉన్నాయి. దూకేముందు ఎయిర్ గ్లేసియర్స్ అనే హెలికాప్టర్ సంస్థ కేంద్రానికి ఫోన్ చేసి చెప్పాలి. ల్యాండింగ్ కార్డు కొనాలి, ఆ డబ్బు పచ్చిక నలిగినందుకు రైతులకి వెళ్తుంది. కాబట్టి ఊరివాళ్లకి నష్టం ఏమీ లేదు.

లెక్కల_మాస్టారు:
ప్రమాదం ఎంత అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. నార్వేలో ష్యేరాగ్ అనే కొండ మీద 1995 నుంచి 2005 దాకా జరిగిన 20,850 జంప్‌లని డాక్టర్లు లెక్కగట్టారు. 9 మంది చనిపోయారు. అంటే 2,317 జంప్‌లకి ఒక చావు. చావు దాకా పోని ప్రమాదాలు 82, అంటే సుమారు 254 జంప్‌లకి ఒకటి. బాగా నిర్వహించే చోట, సుమారు వెయ్యి మీటర్ల కొండ మీద తేలిన లెక్క ఇది.

ఫ్రీఫాల్_వైజాగ్:
మాస్టారూ, 2,317లో ఒకటి అంటే మీరు భయపెడుతున్నంత పెద్ద సంఖ్య కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట బైకు నడిపేవాడికి ఈ లెక్క ఎందుకు చెప్పరు?

లెక్కల_మాస్టారు:
ఎందుకంటే బైకు మీద 2,317 సార్లు బయటికెళ్తే ఒకసారి చావు రాదు కాబట్టి. ఒక్క జంప్ లెక్క చూపించి ధైర్యం చెప్పడం మోసం. ఈ పనిలో ఎవరూ ఒక్కసారి దూకి ఆపరు. అదే రేటు మీద 500 జంప్‌లు చేసేవాడి సంగతి చూడండి, చనిపోయే అవకాశం దాదాపు 19 శాతం. ఐదుగురు స్నేహితులు కలిసి మొదలుపెడితే వాళ్లలో ఒకరు. ఇంటర్ పిల్లాడు కూడా వెయ్యగల లెక్క ఇది.

రైతుబిడ్డ_కడప:
ఫ్రీఫాల్ అన్నా, మిగతావన్నీ నాకు తెలియవు. "ఊరివాళ్లకి నష్టం ఏమీ లేదు" అన్నావే, ఆ మాట మాత్రం ఒప్పుకోను. ఆ పచ్చిక పార్కులో గడ్డి అనుకున్నావా? ఎండాకాలం ఆవులు పై కొండల మీదికి మేతకి పోతాయి, కింద లోయలో గడ్డిని కోసి ఎండబెట్టి చలికాలానికి దాస్తారు. మోకాలెత్తు పెరిగిన గడ్డి మీద ఒకడు దిగి, పారాచూట్ ఈడ్చి, వాడి స్నేహితులు తొక్కుకుంటూ వచ్చి ఫొటోలు తీసుకుంటే అది నేలకి అంటుకుపోతుంది. పడిపోయిన గడ్డి కొడవలికీ అందదు, మిషన్‌కీ అందదు. గండికోట దగ్గర మా చేలో ప్రీ వెడ్డింగ్ షూటింగులవాళ్లు చేసేది ఇదే. వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి నష్టం లేదు కదా అంటారు. నష్టం ఎంతో చెప్పాల్సింది తొక్కినవాడా, చేను ఉన్నవాడా?

సాయి_డల్లాస్:
గడ్డే కదా బ్రదర్, మళ్లీ పెరుగుతుంది. మనిషి ప్రాణం గురించి మాట్లాడుతుంటే మధ్యలో గడ్డి ఏంటి?

రైతుబిడ్డ_కడప:
గడ్డే కదా అని పాడి మీద బతికేవాడి ఇంటికొచ్చి చెప్పు. తేరగా వచ్చిన మాట అది.

ఫ్రీఫాల్_వైజాగ్:
తమ్ముడూ, గొడవ వద్దు. పొడుగు గడ్డిలో దిగకూడదు, కోసేసిన చేలలోనే దిగాలి, పారాచూట్ మడత పెట్టుకోవడం దారి పక్కనే చెయ్యాలి. కొత్తవాళ్లకి అక్కడ మొదట నేర్పేది ఇవే. ఒకడు నియమం తప్పితే లోయ మొత్తం మూతపడుతుందని మాకు తెలుసు. నేనైతే గడ్డి పెరిగిన నెలల్లో కొన్ని ఎగ్జిట్ల (దూకే అంచుల) జోలికే వెళ్లను.

రైతుబిడ్డ_కడప:
నువ్వు వెళ్లవు, సరే. గాలి మారితే? ఆల్ప్స్ కొండల మీంచి వచ్చే ఫాన్ అనే గాలి దిగితే లోయలో ఒక్కసారిగా ఈడ్చి కొడుతుందని మీరే అంటారు కదా. అప్పుడు కోసిన చేనా, కోయని చేనా అని చూసుకుంటూ దిగుతావా, ప్రాణం దక్కితే చాలని దిగుతావా? కార్డు తీసెయ్యమని నేను అనట్లేదు. కార్డు కొన్నాం కాబట్టి లెక్క తీరిపోయింది అనే మాట వద్దంటున్నాను.

ఫ్రీఫాల్_వైజాగ్:
ఫాన్ ఉన్న రోజు దూకేవాడు బేస్ జంపరే కాదు. అయినా నీ రెండో మాట ఒప్పుకుంటున్నాను. నష్టం లేదు అనకూడదు, పరిహారం ఇస్తారు అనాలి.

ప్రొద్దుటూరు_చిన్నా:
అన్నా, గండికోట పేరొచ్చింది కాబట్టి అడుగుతున్నా. పెన్నా లోయ మీద నుంచి దూకొచ్చా? చూడ్డానికి అమెరికాలోని గ్రాండ్ క్యానియన్ లాగే ఉంటుంది కదా.

ఫ్రీఫాల్_వైజాగ్:
ఆ ఆలోచన ఇక్కడితో వదిలెయ్యి. లోతు సుమారు 300 అడుగులు, గోడంతా మెట్లుమెట్లుగా బయటికి పొడుచుకొచ్చిన రాళ్లు, కింద దిగడానికి చదును లేదు. పెర్రీన్ బ్రిడ్జి 486 అడుగులు, కింద స్నేక్ నది, వంతెన మధ్యలోంచి దూకితే పక్కన గోడే ఉండదు. మొదటి జంప్ చాలామంది అక్కడ చేసేది అందుకే. పైగా గండికోట రక్షిత కట్టడం. మన దేశం నుంచి బేస్ చేసిన అర్చనా సర్దానా లాంటివాళ్లు కూడా ముందు స్కైడైవింగ్ పూర్తిగా నేర్చుకున్నాకే వెళ్లారు.

బే_ఏరియా_కిరణ్:
కింద నడిచేవాళ్ల సంగతేమిటని రమణ గారు అడిగినదానికి నా జవాబు. నిషేధిస్తే జనం ఆగరు, దొంగచాటుగా దూకుతారు. మా దగ్గర యోసెమిటీ నేషనల్ పార్కులో 1980లో కొన్నాళ్లు ఎల్ క్యాపిటన్ కొండ నుంచి దూకడానికి పర్మిట్లు ఇచ్చి ఆపేశారు. 1999లో ఫ్రాంక్ గాంబలీ అక్కడినుంచి దూకి క్షేమంగా దిగాడు. రేంజర్లకి దొరక్కుండా పారిపోతూ మెర్సెడ్ నదిలో దిగి కొట్టుకుపోయాడు. ఆయన్ని చంపింది కొండ కాదు. అదే ఏడాది అక్టోబరులో ఆ నిషేధానికి నిరసనగా దూకినవాళ్లలో జాన్ డేవిస్ అనే ఆవిడ చనిపోయింది. సొంత సామాను రేంజర్లు పట్టుకుపోతారని అలవాటు లేని అరువు పారాచూట్‌తో దూకింది. ఇవి చదివాక నిషేధం అన్న మాట నా నోట రాదు.

జ్యూరిక్_రమణ:
కిరణ్ గారూ, నేను నిషేధం అనలేదు. అయినా నార్వేలో ట్రోల్‌వెగ్గెన్ అనే కొండగోడ మీద 1986లో బేస్‌ని నిషేధించారు, ఊరికే చేశారా? బేస్ అన్న ఆటకి తండ్రి లాంటి కార్ల్ బోనిష్ 1984లో అక్కడే పోయాడు. భార్యతో కలిసి రికార్డు జంప్ చేసిన కొద్ది రోజుల్లోనే. కింద రాళ్లలోంచి శవాన్ని తేవడానికి తాడు కట్టుకుని దిగేవాళ్లకీ ఇంట్లో భార్యాబిడ్డలు ఉంటారు. చనిపోయినవాడి ధైర్యం గురించే అందరూ రాస్తారు.

పద్మజ_రాజమండ్రి:
నాకు ఈ పేర్లూ కొండలూ తెలియవు బాబూ. మా పెద్దాడు హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు సిగ్నల్ లేక రెండు రాత్రులు ఫోన్ రాలేదు. ఆ రెండు రాత్రులు నేనెలా గడిపానో నాకే తెలుసు. ఫ్రీఫాల్ బాబూ, ఒకటే అడుగుతాను. మీ అమ్మగారికి తెలుసా? ఇంత తెలిసి ఎందుకు దూకుతావు?

ఫ్రీఫాల్_వైజాగ్:
అమ్మకి తెలుసండీ. దాచి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఎందుకంటే, విమానంలోంచి దూకితే నేల దగ్గరికి వస్తున్నట్టే ఉండదు, ఎత్తు మరీ ఎక్కువ. కొండ అంచు మీద అలా కాదు. కాలు వదిలిన మొదటి సెకను ఏ చప్పుడూ ఉండదు, గాలి ఇంకా మొదలవ్వదు. తర్వాత సన్నగా మొదలై పెరుగుతుంది, పక్కన రాతిగోడ పైకి పరుగెత్తుతుంది. ఆ కాసేపు ఆఫీసు, అప్పులు, రేపు ఏమవుతుందో అన్న దిగులు, ఏవీ మనసులో ఉండవు. ధ్యానం చేసినా నాకు అంత ఏకాగ్రత కుదర్లేదు. పిచ్చితనంతో దూకుతామని అందరూ అనుకుంటారు గానీ రోజులో ఎక్కువ భాగం గడిచేది పారాచూట్ మడత పెట్టడంలో, గాలిని గమనించడంలో. గాలి బాగోలేదని గంటసేపు అంచు మీద కూర్చుని తిరిగి నడిచి దిగిన రోజులు చాలా ఉన్నాయి. నా స్నేహితుల్లో నేను గౌరవించేది అలా దిగి రాగలిగినవాళ్లనే.

వింగ్‌సూట్, అంటే చేతులకీ కాళ్లకీ మధ్య గుడ్డ రెక్కలుండే సూట్, మాత్రం మీ తమ్ముణ్ని ఇప్పుడు ముట్టుకోవద్దనండి సౌమ్య గారూ. ఉలీ ఎమాన్యూలె 2015లో రాతిలోని ఇరుకు కంతలోంచి దూసుకెళ్లిన వీడియో చూసి చాలామంది కుర్రాళ్లు ఆ ఉత్సాహంలోకి వచ్చారు. 2016 ఆగస్టులో ఆయనా పోయారు, అదే నెలలో అలెగ్జాండర్ పొల్లి కూడా పోయారు. ఇద్దరూ ఆ విద్యలో మేటివాళ్లు. కొండని రాసుకుంటూ ఎగిరేవాడికి తప్పు సరిదిద్దుకునే ఎత్తే మిగలదు.

సిస్టర్_బెర్న్:
నేను ఇక్కడ ఆర్థో వార్డులో నర్సుని. చావుల గురించే మాట్లాడుతున్నారు, బతికి బయటపడ్డవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. మడమ ఎముక పిండైపోయినవాళ్లు, కటి ఎముక, తొడ ఎముక విరిగినవాళ్లు, వెన్నెముకకి రాడ్లు వేయించుకున్నవాళ్లు. మడమ విరిగినవాడు ఏళ్ల తర్వాత కూడా రాళ్ల దారిలో నొప్పి లేకుండా నడవలేడు. మాస్టారు చెప్పిన 254లో ఒకటి అన్న అంకె మీద ఎవరూ ఆగలేదు, నాకు మాత్రం రోజూ కనిపించేది అదే. సౌమ్య గారూ, మీ తమ్ముడికి ఆ అంకె చూపించండి.

సాయి_డల్లాస్:
ఇన్సూరెన్స్ అడిగారు కదా, ట్రావెల్ పాలసీ ఒకటి తీసుకుంటే అయిపోతుంది. దీనికింత టెన్షన్ ఎందుకు?

జ్యూరిక్_రమణ:
అయిపోదు సాయి గారూ, తెలియకుండా చెప్పకండి, అవతల ఒక ఇల్లు అప్పులపాలవుతుంది. చాలా ట్రావెల్ పాలసీలు ఇలాంటి సాహస క్రీడల్ని మినహాయింపుల్లో పెడతాయి. స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం చేసేవాళ్లకి ప్రమాద బీమా తప్పనిసరి. అక్కడ కూడా సువా అనే ప్రమాద బీమా సంస్థ బేస్ జంపింగ్‌ని ఎంత జాగ్రత్త తీసుకున్నా ప్రమాదం తగ్గని పనుల జాబితాలో పెట్టింది. దెబ్బ తగిలితే డబ్బు రూపంలో వచ్చే భత్యం సగానికి కోస్తారు, ఘోరమైన సందర్భాల్లో అసలే ఇవ్వకపోవచ్చు. సౌమ్య గారూ, మీ తమ్ముడు జర్మనీలో ఉంటాడు కాబట్టి ఈ రూల్ ఆయనకి వర్తించదు. హెల్త్ ఇన్సూరెన్స్‌కీ, విదేశీ ప్రయాణ పాలసీకీ విడివిడిగా మెయిల్ పెట్టించండి. "బేస్ జంపింగ్" అన్న మాట అందులో ఉండాలి, "స్పోర్ట్స్" అని రాస్తే లాభం లేదు. కొండ మీంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు ఇస్తారా, ఆసుపత్రి ఖర్చు ఇస్తారా, శరీరాన్ని ఇండియాకి పంపే ఖర్చు ఇస్తారా అని మూడూ విడిగా అడగాలి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా కోర్సుకి డబ్బు కట్టనివ్వకండి.

రైతుబిడ్డ_కడప:
రమణన్నా, ఎవరైనా నేరుగా చేలో పడి కంచె విరిగినా, ఆవుకి దెబ్బ తగిలినా ఆ డబ్బు ఎవరిస్తారో కూడా ఆ మెయిల్‌లోనే అడగమని చెప్పు.