షాంఘై నుంచి బొంబాయికి వచ్చిన పాత కవరు: కొనవచ్చా?

ప్రశ్న: ఒక వ్యాపారి దగ్గర విక్టోరియా రాణి బొమ్మ ఉన్న హాంగ్‌కాంగ్ స్టాంపుతో ఒక కవరు చూశాను. 1875లో షాంఘై నుంచి బొంబాయికి వచ్చిందట. షాంఘై ఉత్తరానికి హాంగ్‌కాంగ్ స్టాంపు ఎందుకుంది? ధర మాత్రం గట్టిగానే చెబుతున్నారు.

జవాబు: స్టాంపు విషయంలో అనుమానం అక్కర్లేదండీ. 1842లో బ్రిటన్, చైనాల మధ్య కుదిరిన నాన్‌కింగ్ ఒప్పందంతో కాంటన్, అమోయ్, ఫూచౌ, నింగ్పో, షాంఘై రేవులు విదేశీ వ్యాపారానికి తెరుచుకున్నాయి. అక్కడి బ్రిటిష్ తపాలా కార్యాలయాలు, అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న హాంగ్‌కాంగ్ స్టాంపులనే అమ్మేవి. అందుకే ఉత్తరం ఏ రేవుదో స్టాంపు చెప్పదు, దానిమీది ముద్ర చెబుతుంది. అడ్డగీతల మధ్య ఎస్‌1 అని ఉంటే షాంఘై, ఎఫ్‌1 ఫూచౌ, ఎ1 అమోయ్, సి1 కాంటన్, ఎన్‌1 నింగ్పో. బి62 కనిపిస్తే అది హాంగ్‌కాంగ్‌లో కొట్టినది. మీరు చూసిన దానిమీద ఏముంది?

అడిగినవారు: ఎస్‌1 ఉందండీ. కానీ ముద్ర మొత్తం స్టాంపు మీదే ఉంది, కాగితం మీదికి రాలేదు. నకిలీయా?

జవాబు: అంత మాత్రాన నకిలీ అనలేం, నిజమైన కవర్లలోనూ అలా ఉంటాయి. అయితే స్టాంపు లేని పాత కవరుకు ఎక్కడిదో వాడిన స్టాంపు అంటించి ధర పెంచే పని, ముద్ర కాగితం మీదికి రాని ఇలాంటి చోటే సులువు. గీతల ముద్రలో తేదీ ఉండదు కాబట్టి తేదీ ఉన్న గుండ్రటి ముద్ర కోసం వెతకండి. కవరును తిప్పి చూడండి, అసలు కథ వెనకవైపే ఉంటుంది. హాంగ్‌కాంగ్, బొంబాయి ముద్రలుంటే వాటి తేదీలు ప్రయాణ క్రమంలో ఉండాలి. స్టాంపు విలువ ఆనాటి తపాలా రుసుముకు సరిపోవాలి. ఈ రెండూ కుదరకపోతే వ్యాపారి ఎంత తీపిగా మాట్లాడినా వదిలేయండి.

మరొకరు: నా దగ్గర చైనా అనే అదనపు ముద్రణతో హాంగ్‌కాంగ్ స్టాంపున్న కవరు ఉంది. అదీ ఆ కాలానిదేనా?

జవాబు: కాదండీ, అవి 1917లో వచ్చాయి. అంతకు ముందు తేదీ కనిపిస్తే నమ్మకండి. ఈ బ్రిటిష్ కార్యాలయాలు 1922 చివరికి మూతబడ్డాయి, చైనా ఉత్తర తీరంలోని వైహైవై రేవులోనిది మాత్రం 1930 దాకా నడిచింది. చేతిలో డబ్బు తక్కువైతే సి.ఇ.ఎఫ్. (చైనా ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్, అంటే చైనాకు పంపిన సేన) అని ముద్రించిన భారతీయ స్టాంపుల కవర్లు చూడండి. 1900లో చైనాలో విదేశీయులకు వ్యతిరేకంగా జరిగిన బాక్సర్ తిరుగుబాటు సమయంలో చైనాకు వెళ్లిన మన సైనికుల కోసం వాటిని తెచ్చారు. నాకైతే అవే ఎక్కువ ఇష్టం.

అడిగినవారు: కొంటే స్టాంపును నీళ్లలో నానబెట్టి విడిగా దాచుకోవచ్చా?

జవాబు: అయ్యో, ఆ పని మాత్రం చేయకండి! కవరు నుంచి ఊడదీస్తే చిరునామా, దారి, తేదీలు అన్నీ పోతాయి. లామినేషన్, సెల్లోటేపు కూడా వద్దు. లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి చోట నిపుణులు పరిశీలించి ధ్రువపత్రం ఇస్తారు. ధర పెద్దదైతే, పరిశీలనలో అసలైనదని తేలకపోతే డబ్బు తిరిగి ఇస్తానని వ్యాపారి చేత ముందే రాయించుకోండి. ఈలోగా వెనకవైపు ఫోటో ఇక్కడ పెట్టండి, తేదీలు చదివి చూద్దాం.