చిన్న దుకాణంలో కొన్నప్పుడు దాగి ఉండే పన్నును ఎవరి ఖాతాలో రాయాలి?

అమ్మకం పన్ను పేద ఇంటిపై ఎంత పడుతుందో స్ప్రెడ్‌షీట్‌లో లెక్క వేస్తున్నాను. రేటు 10 శాతం అనుకున్నా. 100 ఆదాయంలో 90 ఖర్చుపెట్టే ఇంటికి పన్ను 9, అంటే ఆదాయంలో 9 శాతం. 500 ఆదాయంలో 250 ఖర్చుపెట్టే ఇంటికి 25, అంటే 5 శాతమే. ఆదాయం బదులు ఖర్చుతో భాగిస్తే తేడానే మాయం, రెండూ 10 శాతం! అందుకే ఆదాయాన్నే ఉంచాను. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా చిన్న దుకాణాల దగ్గర. విలువ జోడింపు పన్నులో (వ్యాట్, అంటే ప్రతి దశలో పెరిగిన విలువపైనే పడే అమ్మకం పన్ను), టర్నోవర్ (ఏడాది మొత్తం అమ్మకాలు) పరిమితి దాటక నమోదు చేసుకోని వ్యాపారి పన్ను వసూలు చేయడు, కానీ సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కీ రాదు. 60 సరుకుపై 6 అతని మీదే. దాన్ని మొదట సున్నాగా వదిలేశాను, తర్వాత ఆ 6 అంతా అమ్మే ధరలో కలిపాను. రెండూ నమ్మబుద్ధి కావట్లేదు.

ఆ 6లో ఎంత కొనేవారిపై పడుతుందో, ఎంత వ్యాపారి లాభం నుంచి పోతుందో ఎలా విడగొట్టాలి?