కదులుతున్న కారవాన్‌లో వెనుక కూర్చున్నవాళ్లకు సీటు బెల్టు కావాలా?

కొండమల్లేపల్లి వాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో అమ్మ, నాన్న, మేమిద్దరం, తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు కలిసి శ్రీశైలం వెళ్లి, మర్నాడు అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా అలంపురం జోగులాంబ దర్శనం చేసుకుని, మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూసి తిరిగి రావాలని అనుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర కారవాన్ అద్దెకు మాట్లాడాం. టెంపో ట్రావెలర్‌ను మార్చి కట్టించిన బండి. డ్రైవరు, పక్క సీటు, వాటి వెనుక ముందుకు చూసే సీట్లు రెండు: ఈ నాలుగింటికే బెల్టులు ఉన్నాయి. ఆ వెనుక చిన్న బల్ల, పక్కగోడ పొడవునా సోఫా, చివర మంచం.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. దేవరకొండ దాటేలోపే పడుకుంటానంటుంది. ఘాట్ రోడ్డు మీద ఆవిడను మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్లడానికి నాకు మనసు ఒప్పడం లేదు. తమ్ముడు మాత్రం, "పడుకునే వీలు లేకపోతే కారవాన్ ఎందుకు, రెండు కార్లలో పోదాం" అంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాలమూరు బాటసారి

తమ్ముడు చెప్పినదే సబబు. డబ్బు పెట్టి ఇల్లులాంటి బండి తీసుకుని, అందులో పెద్దావిడను సీటుకు కట్టేసి కూర్చోబెడతారా? మనమంతా ఆర్టీసీ బస్సుల్లో పెరిగినవాళ్లం. ఏ బస్సులో బెల్టు ఉంది? డ్రైవరును యాభై దాటొద్దని చెప్పండి, చాలు.

ఇంకొక మాట. మా జిల్లావాళ్లం పాలెం బస్సు ప్రమాదాన్ని మరచిపోలేం. నిప్పు అంటుకున్న బండిలో బెల్టుతో కట్టుబడి ఉండటం కంటే ఘోరం ఉంటుందా? కారవాన్‌లో గ్యాస్ పొయ్యి కూడా ఉంటుంది. నేనైతే మావాళ్లను వదులుగానే కూర్చోనిస్తాను.

అచ్చంపేట టీచరు

వాదనలోకి రాను గానీ, మీ దారి గురించి ఒక సంగతి చెప్పాలి. మన్ననూరు దాటాక అడవిలో జనం అరటిపండ్లు, బిస్కెట్లు విసిరి విసిరి కోతులను రోడ్డుకు అలవాటు చేశారు. పిల్లను పొట్టకు హత్తుకున్న తల్లి కోతి ఒక్కసారిగా అడ్డం వస్తుంది. ఏ డ్రైవరైనా కాలు బలంగా బ్రేకు మీద వేస్తాడు. వటవర్లపల్లి దగ్గర అలాంటి బ్రేకుకే మా బంధువులావిడ సీట్ల మధ్య దారిలో బోర్లా పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. బండి దేనినీ తగలలేదు.

నకిరేకల్ అంబులెన్సు

నేను హైవే అంబులెన్సులో పనిచేశాను. ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను, క్షమించండి.

బాటసారి గారు పాలెం పేరు ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఆ బస్సు కల్వర్టును ఢీకొని, నిమిషాల్లో అంటుకుని 45 మంది కాలిపోయారు. ఆ దుఃఖం మీ జిల్లాదే కాదు, మా అందరిదీ. కానీ మంటల్లోంచి బయటపడాలంటే మనిషికి మొదట స్పృహ ఉండాలి, కాళ్లు పనిచేయాలి. ఢీకొన్న దెబ్బకు తల పగిలి పడిపోయినవాడికి బెల్టు లేకపోయినా తలుపు అందదు. బెల్టు విప్పడానికి ఎర్ర మీట ఒక్కసారి నొక్కితే చాలు. తొడ ఎముక విరిగితే ఏ మీటా పనికిరాదు. గ్యాస్ గురించి మీ భయం న్యాయమైనదే. దానికి మందు వేరు: బండి కదిలే ముందు సిలిండరు వాల్వు కట్టేయడం, వెనుక అత్యవసర కిటికీ తెరుచుకుంటుందో లేదో స్వయంగా తెరిచి చూడటం, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో పిల్లలకు కూడా చూపించడం.

ఇక ఆర్టీసీ బస్సు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. కిక్కిరిసిన ఆ బస్సులో ఒకరి మీద ఒకరు పడి, ఊపిరాడక పోయినవాళ్లు ఎందరో. బండి పల్టీ కొట్టినప్పుడు లోపలి మనుషులే ఒకరికొకరు ప్రమాదం అవుతారని అంతకంటే ఎలా తెలియాలి?

"యాభై దాటొద్దు" అన్నారు. లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గోడలాంటిదానికి కొట్టుకోవడమంటే ఆరు మీటర్ల పైనుంచి నేలమీద పడటం. అంటే రెండంతస్తుల మేడ. 60 అయితే 14 మీటర్లు. బండి ఆగుతుంది, మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోయి దేనికో ఒకదానికి తగిలాకే ఆగుతాడు. యాభైలో వెళ్తున్న బండి పదో వంతు సెకనులో ఆగిపోతే ఒడిలో ఉన్న పది కిలోల పాపను పట్టుకోవడానికి సుమారు 140 కిలోల బలం కావాలి. ఏ తల్లి చేతులకు అంత బలం ఉంటుంది?

మన అన్నెపర్తి దగ్గర 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారి కారు బోల్తాపడటం ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. బెల్టు లేదు, కారులోంచి ఎగిరి బయటకు పడి చనిపోయారు. అది ముందు సీటు, మాది వెనుక సీటు కదా అనేవాళ్లకు టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రమాదం ఉంది. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర వంతెన గోడను ఢీకొన్న ఆ కారులో ముందు సీట్లలోని ఇద్దరూ బతికారు. వెనుక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు.

నా కళ్లతో చూసినది ఒకటి చెప్పి ఆపుతాను. నార్కట్‌పల్లి దాటాక ఒక జీపు ఆగి ఉన్న లారీని వెనుక నుంచి తగిలింది. డ్రైవరు బెల్టు పెట్టుకున్నాడు, వెనుక కూర్చున్న సొంత అన్న పెట్టుకోలేదు. మేం వెళ్లేసరికి డ్రైవరు సీటు వెన్ను ముందుకు మడతపడి ఉంది, స్టీరింగుకూ దానికీ మధ్య తమ్ముడు ఇరుక్కుని ఉన్నాడు. సీటు వెన్ను మీద అన్న మోకాళ్లు దిగబడిన రెండు గుంటలు కనబడుతున్నాయి. వెనుక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవాలా వద్దా అన్నది వాళ్లొక్కరి ఇష్టం అని ఎవరైనా అంటే నాకు ఆ గుంటలే గుర్తుకొస్తాయి.

మిర్యాలగూడ షెడ్డు మేస్త్రీ

మాది బండ్లకు బాడీ కట్టే పని. బెల్టు ఉందా అని అడిగితే సరిపోదు, ఎక్కడ బిగించారో చూడాలి. కంపెనీ నుంచి వచ్చిన సీటు బెల్టు బోల్టు సాధారణంగా ఏడు బై పదహారు అంగుళాలది, గట్టి ఉక్కుది. అది బండి లోహపు చట్రంలోకి, వెనుక దన్నుగా రేకు వేసిన చోటికి దిగుతుంది. ఆ బిగింపులు వెయ్యి కిలోలకు మించిన లాగుడును తట్టుకోవాలి. మార్చి కట్టిన బండ్లలో కొందరు ప్లైవుడ్ పెట్టె చేసి, పైన మెత్త వేసి, ఆ చెక్కకే మరలతో బెల్టు తగిలిస్తారు. చూడటానికి బాగుంటుంది. గట్టిగా ఒక్క గుంజు గుంజితే చెక్కతో సహా ఊడి వస్తుంది.

అన్నా, ఓనరును మొహమాటపడకుండా మెత్త ఎత్తి చూపించమనండి. బెల్టు కొన కిందికి దిగి ఇనుము కనబడాలి. చెక్క కనబడితే ఆ సీటును లెక్కలోంచి తీసేయండి.

పాలమూరు బాటసారి

అంబులెన్సు అన్న చెప్పినవి కాదనలేను. మంటల విషయంలో నేను ఆలోచించనిది చెప్పారు. అయినా రెండు సందేహాలు మిగిలాయి. కారవాన్ బరువైన బండి, కారుకు తగిలిన దెబ్బ దానికి తగలదు. రెండోది చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చదివాను. డ్రైవరు, ముందు సీటువాళ్లు, వెనుక ముందుకు చూసే సీట్లలోవాళ్లు బెల్టు పెట్టుకోవాలని ఉంది. పక్కకు తిరిగిన సోఫా మాట, మంచం మాట అందులో ఎక్కడా లేవు. లేని నియమాన్ని మనం ఎందుకు తగిలించుకోవాలి?

నకిరేకల్ అంబులెన్సు

బరువు సంగతి సగం నిజం. చిన్న కారు వచ్చి తగిలితే కారవాన్‌లోవాళ్లకు దెబ్బ తక్కువే. ఆగి ఉన్న గ్రానైటు లారీకో, కల్వర్టుకో తగిలితే ఆ లాభం ఉండదు. పైగా నీళ్ల ట్యాంకు, ఏసీ, అల్మారాలు ఎక్కించిన ఎత్తైన బండి మలుపులో తేలిగ్గా ఒరుగుతుంది. కోతల కాలంలో మన రోడ్లు మీకు తెలియనివి కావు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాయిని తప్పించబోయి స్టీరింగు తిప్పితే చాలు.

చట్టం గురించి: 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షను ప్రకారం బెల్టు లేని ప్రయాణికులను ఎక్కించుకున్నా వెయ్యి రూపాయల జరిమానా. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో భద్రపరచకపోయినా అంతే. నిబంధనలో మంచం మాట లేదన్నారు, నిజమే. మంచం ప్రయాణించే సీటు కాదు కాబట్టి లేదు. బండి ఆగాక వాడుకోవడానికి పెట్టినదాన్ని నడుస్తున్నప్పుడు వాడితే నిబంధన ఏం చేస్తుంది? పక్కకు తిరిగిన సీటుకు బెల్టు ఉన్నా నాకు నమ్మకం లేదు. నడుము ఆగిపోయి, ఛాతీ, మెడ పక్కకు మెలితిరుగుతాయి. యూరప్‌లో 2007 నుంచి కొత్త మోటర్‌హోముల్లో అలాంటి సీట్లను ప్రయాణానికి ఒప్పుకోవడం లేదు.

కొండమల్లేపల్లి వాసి గారూ, మంచాలు లెక్కపెట్టి మనుషులను ఎక్కించకండి, బెల్టులు లెక్కపెట్టి ఎక్కించండి. అమ్మగారిని డ్రైవరు పక్క సీటులో కూర్చోబెట్టండి. కాళ్లు చాపుకునేందుకు అక్కడే ఎక్కువ చోటు ఉంటుంది. గంటకోసారి ఆపండి. డిండి దగ్గర ఆగినప్పుడు వెనుక మంచం మీద అరగంట నడుము వాల్చనివ్వండి. ఆవిడకు కారవాన్ వల్ల కలిగే సుఖం అదే, దాన్ని ఎవరూ కాదనడం లేదు.

నల్లగొండ కోడలు

అందరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు, వంటగది గురించి కూడా చూడండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను నిండుగా ఉంటే ఇరవై కిలోలు. పులిహోర నింపిన కుక్కరు, పచ్చడి సీసాలు, పిల్లల ట్యాబు, ఇవన్నీ బ్రేకు వేసినప్పుడు ముందుకే వస్తాయి. మేము బండి తీసుకున్నప్పుడు ఫ్రిజ్ తలుపుకు గొళ్లెం లేదని ఓనరుకు చెప్పి పెట్టించుకున్నాం. క్యాన్లు మంచం కింద, అడ్డుపలక వెనుక పెట్టాం.

మీ మరదలు గర్భవతి అయితే బెల్టు మానేయమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద ఉండాలి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా రావాలి. నాకు డాక్టరమ్మ అలాగే చూపించింది.

కొండమల్లేపల్లి వాసి

మరదలు గర్భవతి కాదు అక్కా, అయినా మీరు చెప్పింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఓనరుకు ఫోను చేశాను. బల్ల దగ్గర కూడా రెండు బెల్టులు ఉన్నాయని ఇప్పుడు అంటున్నాడు. మేస్త్రీ అన్న చెప్పినట్టు మెత్త ఎత్తి ఫొటో పంపమన్నాను. పంపాడు. చెక్కే కనబడుతోంది. అంటే నాలుగే.

కాబట్టి కారవాన్‌లో డ్రైవరు కాకుండా ముగ్గురం: అమ్మ ముందు, నాన్న, నేను వెనుక. మిగిలిన ఐదుగురూ మా కారులో వస్తారు. పిల్లల్లో చిన్నదానికి పిల్లల సీటు కొంటున్నాం. తమ్ముడికి ఇంకా కోపం పోలేదు, రెండు బండ్ల ఖర్చు దండగ అంటున్నాడు. అంబులెన్సు అన్న రాసిన జీపు సంగతి అమ్మ చదివించుకుని విన్నది. విన్నాక మంచం మాట ఎత్తలేదు.

పాలమూరు బాటసారి

అయితే కారవాన్ అద్దె డబ్బు ఎందుకు పోగొట్టుకోవడం? ముగ్గురి కోసం అంత బండి అవసరమా? నా ప్రశ్న తప్పయితే చెప్పండి. బెల్టుల విషయంలో మీ నిర్ణయానికి నేను అడ్డు చెప్పడం లేదు.

కొండమల్లేపల్లి వాసి

అమ్మకు మధ్యలో పడుకునే చోటు, బాత్రూము కావాలి బాటసారి గారూ. అడవి దారిలో ఆవిడకు అదే పెద్ద ఇబ్బంది. దాని కోసమే అద్దె.

అచ్చంపేట టీచరు

గంటకోసారి ఆగుతూ వస్తామంటున్నారు కాబట్టి ఒక మాట. రాత్రి తొమ్మిది తర్వాత మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు మూసేస్తారు, మళ్లీ ఉదయం ఆరుకే తెరుస్తారు. కొండమల్లేపల్లిలో మధ్యాహ్నం భోజనాలు ముగించి బయలుదేరదామని అనుకోకండి, పొద్దున్నే కదలండి. దోమలపెంట దాటాక దిగే మలుపులు వెలుతురులోనే అయిపోవాలి. మన్ననూరులో టీ తాగడానికి ఆగినప్పుడు కిటికీలు మూసి ఉంచండి, కోతులు లోపలికి వస్తాయి.